చిన్న ఇంజనుకు సరియైన కొలతలు

కొండపల్లి బొమ్మలలో తాటిచెట్టు నెక్కుచున్న గీతకాని బొమ్మను చూడనివారు మనలో అరుదు. ఆ బొమ్మలో మనిషి ఎంత, చెట్టు ఎంత అని ఎవ్వరును బద్ద పెట్టి కొలువరు. మనిషి చెట్టులో సగమున్నను మనకు ఆక్షేపణ లేదు. బొమ్మకు కావలసినది పోలిక. ఆ పోలికను పొణికి కొయ్యలోనికి దించుటలో కొండపల్లి పనివారి నేర్పు లోకమెరిగినదే. నమూనా మాత్రము వేరు. అసలు వస్తువులోని ప్రతి భాగమును ఒకే లెక్కన తగ్గించి చేసినదే నమూనా. అసలు ఇంజనులో కిటికీ తలుపునకు ఎన్నవ వంతో, నమూనాలోను అన్నవ వంతే కావలెను. కనుక బొమ్మ చేయువానికి కన్ను చాలును. నమూనా చేయువానికి కన్నుతోబాటు కొలతయు కావలెను. చేతిపని నేర్చినవారికి మన ఊళ్లలో కొరత లేదు. కొలత దొరకుటయే కష్టము. ఆ కష్టమును గూర్చియు, దానిని దాటు దారులను గూర్చియు ఇచట కొంత ముచ్చటింపదలచితిమి.

ఉదాహరణకు పిడుగురాళ్లను తీసికొందము. పల్నాటి సీమలో ఈ ఊరి పేరు చెప్పగానే సున్నపు బట్టీలు జ్ఞప్తికి వచ్చును. ఆ బట్టీలతోపాటు రైలును ఈ ఊరి బ్రతుకులో కలిసిపోయినది. గుంటూరునుండి మాచర్లకు పోవు దారి మొదట మీటరు గేజి. గత శతాబ్దము చివరి భాగమున బ్రాడ్ గేజిగా మారినది. నడికుడి మీదుగా సికింద్రాబాదు వైపు పోవు బండ్లు ఈ ఊరి మీదుగనే పోవును. శ్రీకాళహస్తికి తలపెట్టిన క్రొత్త దారియు ఈ ఊరి చెంతనున్న న్యూ పిడుగురాళ్ల స్టేషనునుండియే మొదలైనది. విద్యుత్తు తీగలు వచ్చువరకు ఇచ్చటి బండ్లనెల్ల, పల్నాడు ఎక్స్‌ప్రెస్సును గూడ, డీజిలు ఇంజనులే లాగినవి. అందుచేత ఈ ప్రాంతమున నేడు నడివయస్సుననున్నవారు ఎరిగిన రైలింజను డీజిలు ఇంజనే. ఆవిరి ఇంజను వారి తండ్రుల నాటి మాట. కరెంటు ఇంజను నిన్న మొన్నటిది.

ఆ డీజిలు ఇంజనులలో పేరెన్నిక గన్నది డబ్ల్యూ. డి. ఎం.-2. మొదటి అక్షరము బ్రాడ్ గేజిని, రెండవది డీజిలును, మూడవది ప్రయాణికుల బండ్లకును సామాను బండ్లకును పనికివచ్చుటను తెలుపును. అమెరికాలోని ఆల్కో కంపెనీ తయారుచేసిన ఇంజనులు 1962లో మన దేశమునకు వచ్చినవి. పిమ్మట 1964 నుండి వారణాసిలోని డీజిలు ఇంజనుల కర్మాగారము వీనిని తయారుచేసినది. ఆ కర్మాగారమునకే 2020లో బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అని పేరు మార్చిరి. పదునారు సిలిండర్ల యంత్రము, 2,600 అశ్వశక్తి, ఆరు ఇరుసులు, ఇరుసున కొక మోటారు. మూడు దశాబ్దములకు పైగా అవే రూపురేఖలతో ఈ ఇంజనులు తయారైనవి.

ఇప్పుడు ఈ ఇంజనులు విరుగగొట్టు చోటికి తరలినవి. ఒకటి ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియములో నున్నది. మరికొన్ని అక్కడక్కడ దిమ్మెలపై నిలిపిరి. తక్కినవి పాత ఇనుము. ఒక ఇంజనును గ్యాసు మంటతో కోసిన పిమ్మట పుస్తకములలో మిగులునవి దాని నిడివి, వెడల్పు, ఎత్తు, బరువు వంటి పది పన్నెండు అంకెలే. రేడియేటరు ప్రక్కనున్న జాలరి పలకలు ఎన్ని, వాని నడుమ ఎడమెంత, డ్రైవరు ఎక్కు మెట్లు ఎంత ఎడముగా నున్నవి, ఇసుకపెట్టె మూత ఎంత, చేతికమ్మి ఎచట వంగినది — ఇట్టివి ఏ పట్టికలోను కానరావు. కొలిచి వ్రాసికొన్నవారుండిన నుండును, లేనిచో లేదు. నమూనా పనివారు ఈ చిన్న భాగముల కొలతలకై ఇంత ఆరాటపడుటకు కారణమిదియే.

ముందుగా దొరకు అంకెలను చూతము. బఫరు ముఖమునుండి బఫరు ముఖమునకు ఈ ఇంజను నిడివి 17,120 మిల్లీమీటర్లు. వెడల్పు 2,864. పట్టాపై నుండి ఎత్తు 4,185. క్రొత్త చక్రము వ్యాసము 1,092. బరువు 112.8 టన్నులు. నమూనాలకు లోకములో మిక్కిలి వాడుకలోనున్న స్కేలు అసలు అడుగునకు మూడున్నర మిల్లీమీటర్లు, అనగా 87.1లో ఒక వంతు. ఆ లెక్కన నిడివి 196.6 మిల్లీమీటర్లు, వెడల్పు 32.9, ఎత్తు 48. జేబులో పట్టునంతటి ఇంజను.

ఇచటనే మన దేశపు నమూనాకారునికి మొదటి చిక్కు ఎదురగును. ఈ స్కేలునకు అంగడిలో దొరకు పట్టాల ఎడము 16.5 మిల్లీమీటర్లు. అది ఐరోపా, అమెరికాలలోని నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళముల దారికి సరిపోవును. మన బ్రాడ్ గేజి అయిదున్నర అడుగులు, అనగా 1,676 మిల్లీమీటర్లు. దానిని 87.1తో భాగించిన 19.24 వచ్చును. రమారమి మూడు మిల్లీమీటర్లు తక్కువ! బొటనవ్రేలి గోటిలో పావు వంతైనను లేని ఈ మూడు మిల్లీమీటర్లే ఇంజనును ముందునుండి చూచినపుడు పొట్టపెద్ద మనిషి కాళ్లు దగ్గరగా పెట్టి నిలిచినట్లు కనుపింపజేయును. పోనీ, పట్టాలకే సరిపోవునట్లు ఇంజనును తగ్గింతమన్న, స్కేలు 101.6లో ఒక వంతై నిడివి 168.5 మిల్లీమీటర్లకు దిగును; అపుడు కొనితెచ్చిన మనుష్యులు, చెట్లు, స్టేషను భవనము అన్నియు ఇంజను ప్రక్కన రాక్షసులగును. మూడవ దారి, పట్టాలను చేతితో వేసికొనుట. అడుగునకు నాలుగు మిల్లీమీటర్ల స్కేలు నెంచుకొన్నవారికి లెక్క ముచ్చటగా కుదురును: అయిదున్నర అడుగులకు సరిగా 22 మిల్లీమీటర్లు. విచిత్రమేమనగా, గుంటూరు–మాచర్ల దారిలో ఒకప్పుడు నడచిన మీటరు గేజి బండ్లను నమూనాగా చేయగోరువాడు ఈ విషయమున అదృష్టవంతుడు. వానికి కావలసినది 11.5 మిల్లీమీటర్లు, అంగడిలో 12 మిల్లీమీటర్ల పట్టాలు దొరకును. అరమిల్లీమీటరు తేడాను కన్ను పట్టదు. పెద్ద దారి వానికే పెద్ద చిక్కు.

మా మట్టుకు మేము చేతితో పట్టాలు వేసికొనువారినే మెచ్చుకొందుము. కాని ఓపిక లేనివారు 16.5తో సరిపెట్టుకొని, పైభాగము కొలతలను మాత్రము చెడనీయకుండుట తప్పు కాదు. తెలిసి చేసిన రాజీ ఒక ఎత్తు, తెలియక చేసిన పొరపాటు మరియొక ఎత్తు.

ఇక కొలతల విషయమునకు వత్తము. అంకెలన్నియు ఒకే తీరున నమ్మదగినవి కావు. కొన్ని మారనివి, కొన్ని మారునవి, కొన్ని ఎవరో ఊహించి వ్రాసినవి. మారనివానిని మొదట చేతబట్టి, తక్కినవానిని వానితో సరిచూచుకొనుటయే ఈ విద్యలోని కీలకము. బ్రాడ్ గేజి ఎడము 1,676, ఇది మారదు. రెండు బఫర్ల నడిమి ఎడము, ఒక బఫరు కేంద్రమునుండి మరియొక బఫరు కేంద్రమునకు, 1,956 మిల్లీమీటర్లు. దేశమందలి బండ్లన్నియు ఒకదానితో నొకటి తాకవలెను గనుక ఇదియు మారదు. నేటి కాంక్రీటు స్లీపరు నిడివి 2,750. పట్టా 60 కిలోల రకమైన ఎత్తు 172, 52 కిలోల రకమైన 156. ఇట్టి అంకెలను రైల్వేవారు 'షెడ్యూల్ ఆఫ్ డైమెన్షన్స్' అను గ్రంథమున ప్రకటించిరి. ఛాయాచిత్రములో ఈ నాలుగింటిలో ఏదో యొకటి కనుపించినచో, ఆ చిత్రమునకు బద్ద దొరికినట్లే.

బఫరు ఎత్తు మాత్రము ఈ కోవలోనిది కాదు. పట్టాపై నుండి బఫరు కేంద్రము 1,105 మిల్లీమీటర్లకు మించరాదు, 1,030కి తగ్గరాదు అని నియమము. బరువునకు స్ప్రింగులు క్రుంగును, చక్రములు అరుగును. కనుక ఎత్తులు కొలుచువారు బఫరును ఆధారముగా గొన్నచో 75 మిల్లీమీటర్ల వరకు మోసపోవచ్చును. నమూనాలో అది ఇంచుమించు ఒక మిల్లీమీటరు.

చక్రము సంగతి మరియు చిత్రమైనది. మన శిల్పులు విగ్రహమును మలచునపుడు అడుగులతోను అంగుళములతోను పని లేకయే ముఖము పొడవును తాళమని పేరిడి, శరీరమంతయు ఇన్ని తాళములని లెక్కించెడివారు. ఇంజనుకు చక్రమే తాళము. 17,120ని 1,092తో భాగించిన పదునైదున్నరకు కొంచెము మించి, 15.68 వచ్చును. కనుక ప్రక్కనుండి చక్కగా తీసిన చిత్రములో ఇంజను నిడివి పదునైదు చక్రములును, ఒక చక్రములో మూడింట రెండు వంతులును ఉండవలెను. అట్లు రాక పదునారు ముప్పాతికకు పైబడినచో చిత్రము తప్పని తొందరపడరాదు. ఆ ఇంజను చక్రములు అరిగినవి కావచ్చును. ఈ చక్రమును వ్యాసము 1,016 మిల్లీమీటర్లకు తగ్గువరకు తరిణె పట్టి సరిచేసి వాడుదురు, పిమ్మట తీసివేయుదురు. 17,120ని 1,016తో భాగించి చూడుడు: 16.85. ఒకే రకపు ఇంజనుకు ఇద్దరు వేర్వేరు చక్రపు కొలతలు చెప్పి, ఇద్దరును నిజమే చెప్పినవారగుట ఇట్లు సంభవించును.

చక్రమును కొలుచుటలో మరియొక మెలకువ. పట్టాపై దొర్లు భాగము ఒకటి, పట్టా లోపలివైపు దిగియుండు అంచు ఒకటి. ఈ అంచు సుమారు 28 మిల్లీమీటర్లు పొడుచుకొనియుండును. చిత్రములో ఆ అంచు వెలుపలి గీతను పట్టుకొని కొలిచినచో వ్యాసము ఇరువైపుల కలిసి ఏబదియారు మిల్లీమీటర్లు ఎక్కువగును. పట్టిక చెప్పు 1,092 దొర్లు భాగమునకే వర్తించును.

ఇట్టిదే నిడివి విషయమున గూడ ఒక వల యున్నది. 'నిడివి' అని మాత్రము వ్రాసిన పట్టికను చూచి సంతోషింపరాదు. బఫర్ల ముఖముల నడుమనా, బఫర్లు బిగించిన దూలముల నడుమనా అని అడుగవలెను. ఈ రెంటికి భేదము ఒక మీటరునకు మించును. అనగా నమూనాలో అంగుళములో సగమునకు దగ్గర.

పాత అంకెలు పరిశీలించువారు అంగుళములను మరువరాదు. ఆల్కో పటములు అడుగులలోను అంగుళములలోను గీసినవి. 17,120 అనగా ఏబదియారడుగుల రెండు అంగుళములు. 1,092 నలువదిమూడు అంగుళములు. 1,016 సరిగా నలువది. మిల్లీమీటర్లలో అర్థము లేనట్లు కనుపించు అంకె అంగుళములలోనికి మార్చగానే గుండ్రని అంకె యగుచున్నచో, అది అసలు పటమునుండి వచ్చినదని కొంతవరకు నమ్మవచ్చును. ఏ లెక్కకును ఒదుగని అంకె ఎవరో బొమ్మపై బద్ద పెట్టి తీసినది కావచ్చును. ఇది రుజువు కాదు. అయినను మంచి సూచన.

మూడు పుస్తకములలో ఒకే అంకె కనుపించినంత మాత్రమున మూడు సాక్ష్యములు దొరికినట్లు కాదు. ఒకరు వ్రాసినదానిని ఇద్దరు ఎత్తి వ్రాసిరేమో చూడవలెను. సాక్షులు వేర్వేరు త్రోవల వచ్చినపుడే సాక్ష్యమునకు విలువ. పటమునుండి వచ్చిన అంకెయు, దిమ్మెపైనున్న ఇంజనును టేపుతో కొలిచిన అంకెయు, చిత్రమునుండి లెక్కించిన అంకెయు ఒక్కటైనచో, ఇక దిగులు లేదు.

ఏ ఇంజనుకు కొలతలు అన్నది ముందే తేల్చుకొనవలెను. డబ్ల్యూ. డి. ఎం.-2 అని పేరొక్కటే యైనను అన్నియు కవలలు కావు. రైల్వే పనివారు 'జంబో' అని ముద్దుపేరు పెట్టిన కొన్నిటికి ముందరి పొట్టి ముక్కు తగ్గించి, డ్రైవరు గదికి పెద్ద కిటికీలు పెట్టిరి. తరువాతి కాలమున 3,100 అశ్వశక్తికి పెంచి డబ్ల్యూ. డి. ఎం.-3ఏ అని పేరు మార్చినవియు కలవు. షెడ్డులో మరమ్మతు జరిగినప్పుడెల్ల ఒక దీపమో, ఒక కమ్మియో, ఒక జాలరియో మారుచుండును. కావున 'డబ్ల్యూ. డి. ఎం.-2 నమూనా చేయుచున్నాను' అనుట చాలదు. డ్రైవరు గది ప్రక్కన వ్రాసియున్న నంబరు, చిత్రము తీసిన సంవత్సరము — ఈ రెండును వ్రాసికొని పిమ్మట పని మొదలిడవలెను. ఒక ఏటి ముక్కును మరియొక ఏటి కిటికీకి అతికినచో కొలతలన్నియు నిజమై ఇంజను అబద్ధమగును.

చక్రముల చట్రమును గూర్చి ఒక మాట. రైల్వేవారు దీనినే బోగీ అందురు. మనము వాడుకలో రైలుపెట్టెను బోగీ యనుట వేరు. ఈ ఇంజను క్రింద రెండు చట్రములు, ఒక్కొక్కదానికి మూడు ఇరుసులు. చూచీచూడనట్లు చూచినవారు నడిమి ఇరుసు సరిగా నడుమనే యున్నదని అనుకొందురు. కాదు. మోటారుల అమరికను బట్టి అది ఒక ప్రక్కకు జరిగియుండును. నమూనాలలో మిక్కిలి తరచుగా కనుపించు పొరపాటు ఇదియే. ఇంజనును ఎరిగినవాడు దూరమునుండియే ఈ లోపమును పట్టివేయును.

ఇక ఏ పట్టికలోను లేని చిన్న భాగముల మాట. వీనికి ఛాయాచిత్రమే శరణ్యము. అయితే చిత్రమును చదువుటకు ఒక అభ్యాసము కావలెను. దానికి రైలుకట్ట దగ్గరకు పోనక్కరలేదు. మీ ఇంటి రేడియో పెట్టె చాలును. పెట్టె ముఖము వెడల్పు టేపుతో కొలువుడు, నలువది సెంటీమీటర్లనుకొందము. అరువది సెంటీమీటర్ల దూరమునుండి ఎదురుగా ఒక చిత్రము తీయుడు. చిత్రములో పెట్టె వెడల్పు పదునారు సెంటీమీటర్లు వచ్చినచో, చిత్రము అసలులో రెండున్నరవ వంతన్నమాట. ఇప్పుడు స్టేషను త్రిప్పు మరను చిత్రములో కొలిచి రెండున్నరతో హెచ్చింపుడు. 42 మిల్లీమీటర్లు వచ్చును. మరపైననే బద్ద పెట్టి చూడుడు: 40. ఆ రెండు మిల్లీమీటర్లు ఎచటనుండి వచ్చినవి? మర పెట్టె ముఖముకంటె మూడు సెంటీమీటర్లు ముందుకు వచ్చియున్నది. కెమేరాకు దగ్గరగా నున్నది పెద్దదిగా కనుపించును. అరువదిని ఏబదియేడుతో భాగింపుడు; ఆ హెచ్చు అక్కడనే దొరకును. మరల మూడు మీటర్ల దూరము పోయి, పెట్టె ముఖమును దగ్గరగా చూపు కటకముతో చిత్రము తీయుడు. ఈ పర్యాయము లెక్క 40.4 చెప్పును. ఇంట కూర్చుండి అరగంటలో నేర్చుకొనిన ఈ పాఠము చాలమంది సంవత్సరములు గడచినను గ్రహింపలేదు.

ఇంజను విషయమునను ఇంతే. ప్రక్కనున్న చేతికమ్మి ఇంజను దేహముకంటె ముప్పది సెంటీమీటర్లు ముందుకున్నదనుకొందము. ముప్పది మీటర్ల దూరమునుండి తీసిన చిత్రములో తప్పు నూటికి ఒకటి. పది మీటర్లనుండి తీసినచో మూడు. రెండు మీటర్ల నిడివిగల భాగముపై మొదటిది ఇరువది మిల్లీమీటర్లు, రెండవది అరువది. నమూనాలో మొదటిది కనుపించదు, రెండవది కనుపించును. కనుక దూరముగా నిలిచి తీయుట మేలు. అదే విధముగ ఇంజనుకు సరిగ ఎదురుగా నిలువక పది డిగ్రీలు ప్రక్కకు నిలిచినచో నిడివి నూటికి ఒకటిన్నర తగ్గి, 17,120లో 260 మిల్లీమీటర్లు మాయమగును. నమూనాలో మూడు మిల్లీమీటర్లు. ఎత్తులు మాత్రము అట్లే యుండును. నిడివులన్నియు కురచగను, ఎత్తులు సరిగను ఉన్న పటమును చూచినపుడు దీనినే అనుమానింపవలెను.

జెరాక్సు తీసిన పటములు గూడ ఇట్టి చిత్తములు చేయును. కాగితము ఒక దిక్కున సాగి ఒక దిక్కున సాగకపోవచ్చును. కావున పటముపై బద్ద పెట్టి కొలుచుట కడపటి ఉపాయము. పటముపై వ్రాసిన అంకె ఉన్నంతవరకు దానినే తీసికొనవలెను. అంకె లేనిచోట కొలువక తప్పనపుడు, తెలిసిన కొలతలు నిలువుగా నొకటి, అడ్డముగా నొకటి పట్టుకొని రెండు దిక్కులకు వేర్వేరుగా లెక్క కట్టవలెను.

ఇట్లనగానే కొందరు ఉత్సాహవంతులు టేపు చేతబట్టి పట్టాలవద్దకు పరుగిడుదురేమో! గట్టిగా చెప్పక తప్పదు. అనుమతి లేక రైలు ఆవరణమున ప్రవేశించుట 1989 నాటి రైల్వేల చట్టములోని 147వ విభాగము క్రింద నేరము. శిక్షకంటె భయపడవలసినది ప్రాణమునకు. పిడుగురాళ్ల దారిపై నేడు పైన సాగు తీగలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహించుచున్నది. ఆ తీగను తాకనక్కరలేదు, సమీపించినను చాలును. నిలిచియున్న వ్యాగనుపైకి చిత్రమునకై ఎక్కిన పిల్లలు కాలిపోయిన వార్తలు ఏటేటా పత్రికలలో చదువుచున్నాము. ఇనుప టేపును పైకెత్తుట ఇంజనుపైకి ఎక్కుటవంటిదే. కొలతకై ప్రాణము పణము పెట్టనక్కరలేని దారులు వేరే యున్నవి. దిమ్మెపై నిలిపిన ఇంజనులను, మ్యూజియములోని ఇంజనును అధికారులనడిగి నింపాదిగా కొలువవచ్చును. గుత్తి, కాజీపేట, మౌలాలి వంటి చోట్ల డీజిలు షెడ్లలో చిరకాలము పనిచేసి విశ్రాంతి గొనుచున్నవారు మన ఊళ్లలోనే యున్నారు. వారిని అడుగుట మిక్కిలి లాభకరము. ఒక పెద్దాయన చేతి జానతో చూపిన మూత వెడల్పును నేరుగా వ్రాసికొనరాదు గాని, ఆ మూత ఏ సంవత్సరమున మారినదో, ఎందుకు మారినదో ఆయనకు తెలిసినట్లు ఏ పటమునకును తెలియదు.

కొలతలు చేతికి వచ్చిన పిమ్మట వానిని చెడగొట్టునది మన లెక్కయే. అంకెలను గుండ్రము చేయుట చివర జరుగవలెను, నడుమ కాదు. జాలరి పలకల నడిమి ఎడము 50 మిల్లీమీటర్లనుకొందము. నమూనాలో అది 0.574. అంత సన్నపు లెక్క ఎందుకని 0.6 చేసినచో, నలువది పలకలు పూర్తియగుసరికి 22.96 మిల్లీమీటర్లలో ఇమడవలసినవి 24 మిల్లీమీటర్లు ఆక్రమించును. ఆ మిల్లీమీటరును ప్రక్క తలుపునుండి దొంగిలింపవలసివచ్చును. మొత్తము నిడివిని ముందు గుర్తించి, దానిని పలకల సంఖ్యతో పంచుటయే పద్ధతి. భాగముల మొత్తము సమస్తమునకు సమానము కావలెనన్నది బడిలో చదివినదే. అయినను ప్రతి పటమునకు ఒకసారి కూడి చూచుకొనుట మరువరాదు.

అన్నిటిని స్కేలు ప్రకారమే తగ్గింపవచ్చునని అనుకొనుట గూడ పొరపాటు. ఆరు మిల్లీమీటర్ల రేకు నమూనాలో 0.07 మిల్లీమీటర్లగును, అది ఊదిన ఎగిరిపోవును. అంగుళము లావుగల కమ్మి 0.29 మిల్లీమీటర్లు, దానికి సన్నని ఇత్తడి తీగ దొరకును. మామూలు బద్దతో అరమిల్లీమీటరు వరకు, వెర్నియర్ కాలిపర్‌తో మిల్లీమీటరులో ఏబదవ వంతు వరకు కొలువవచ్చును. కాని రంగు పూత యొకటి పడగానే ఆ చివరి వంతు దానిలో మునిగిపోవును. మా అభిప్రాయమున నమూనాలో మిల్లీమీటరున కైదవ వంతు వరకు సరిపోయిన చాలును. అది అసలు ఇంజనుపై పదునేడు మిల్లీమీటర్లు. అంతకు మించిన పంతము కొలతపై ప్రేమ కాదు, కాలిపర్‌పై ప్రేమ. మందములు కొంచెము అటునిటైనను, ఎడములు, ఎత్తులు, వంపులు సరిగానున్నచో కన్ను క్షమించును.

సంపాదించిన ప్రతి కొలతకు ఎదురుగా నాలుగు మాటలు వ్రాసియుంచుట మంచిది: ఇంజను నంబరు, తేదీ, కొలిచినదా లెక్కించినదా ఎత్తి వ్రాసినదా, ఎంతవరకు నమ్మవచ్చును. అనుమానమున్నచో ప్రశ్నార్థకము పెట్టవలెను. ప్రశ్నార్థకము లేని పుస్తకమును చూచినచో మాకు నమ్మకము తగ్గును. పది సంవత్సరముల పిమ్మట ఆ పుస్తకము మరియొకరి చేతబడినపుడు ఏది గట్టిదో ఏది మెత్తనిదో వారికి తెలియవలెను గదా. అప్పటికి అడిగి కొలుచుటకు ఆ ఇంజను ఉండకపోవచ్చును.

కొన్నిచోట్ల కొలత నేరుగా దొరకకున్నను దానిని పరీక్షించు ఉపాయము మరియొక అంకెలో దాగియుండును. ఇంజను క్రింద రెండు చట్రముల నడుమ వ్రేలాడు నూనెతొట్టి దీనికి మంచి ఉదాహరణము. దాని నిడివి, లోతులు చిత్రములనుండి లెక్కింపవలసినదే; నీడలో నుండుటచే అంచులు తేటగా కనుపించవు. కాని ఆ తొట్టిలో 5,000 లీటర్ల డీజిలు పట్టునని అందరికిని తెలిసినదే. నిడివి, వెడల్పు, లోతులను 87.1తో మూడు పర్యాయములు భాగించినచో ఘనము ఆరులక్షల అరువదివేలకు పైగా తగ్గి, అయిదువేల లీటర్లు 7.6 మిల్లీలీటర్లగును. ఇంటనున్న మందు కొలత గ్లాసులో నీరు పోసి, చెక్కిన తొట్టి ముక్కను అందులో ముంచుడు. నీరు 7.6 మిల్లీలీటర్లకంటె తక్కువగా పొంగినచో, ఆ తొట్టి ఎంత అందముగానున్నను దాని కొలత తప్పు. చిత్రము మరల తీసి, నీడలోని ఆ అడుగు అంచు ఎచటనున్నదో వెదకవలెను.